నెలకు మూడు వానలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానకాలపు కథల గురించి గత సంచికలో రాసిన నాలుగు మాటలకు వరంగల్ చుట్టుపక్కల నుంచి, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొందరు కథలో కురిసే వాన గురించి అడిగారు, కొందరు పొలంలో కురిసే వాన గురించి అడిగారు. చదివిన కొద్దీ ఈ రెండూ ఒకే ప్రశ్న అని నాకు అనిపించింది గనుక, ఈసారి శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: కథలు రాయడం ఈ మధ్యే మొదలుపెట్టాను. నా కథ చదివిన మా అక్క "ప్రతి దుఃఖానికీ వాన ఎందుకే?" అని అడిగింది. కథను మీకూ పంపుతున్నాను. కథలో వాన అలంకారం మాత్రమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ అక్క సరిగ్గానే అడిగిందమ్మా. నాయిక కంటతడి పెట్టిన ప్రతిసారీ కిటికీ బయట చినుకులు రాలితే, చదివేవారికి అవి షూటింగులో పైపులతో చల్లే నీళ్లలాగే కనబడతాయి. మీ కథలో వాన నాలుగుసార్లు కురిసింది. అది ఏ నెల వానో, పొద్దటి వానో రాత్రి వానో, కురిసి వెలిసిందో, ముసురు పట్టిందో ఒక్కచోటా తెలియలేదు. అందువల్లనే అది అలంకారంగా మిగిలిపోయింది.

మాది పాకాల చెరువు కింది ఊరు. నా చిన్నతనంలో ముసురు పట్టిందంటే మూడు నాలుగు రోజుల దాకా మొగులు విచ్చేది కాదు. గూనపెంకుల మీద పడే తుప్పరకు చప్పుడు ఉండేది కాదు. చూరు నుంచి బొట్టు రాలి కింద పెట్టిన ఇత్తడి బిందెలో పడినప్పుడు మాత్రమే వాన ఇంకా వెలవలేదని తెలిసేది. కట్టెలు చెమ్మగిల్లి పొయ్యి అంటుకునేది కాదు, పొగ ఇల్లంతా కమ్మేది. పసులను మేతకు తోలలేక కొట్టంలోనే కట్టేసి చొప్ప వేసేవారు. మా తాత గొంగడి కొప్పెర వేసుకొని పొలం గట్లు చూసివచ్చి, ఆ గొంగడిని దండెం మీద ఆరేసి, కాల్చిన మక్క కంకి ఒలుచుకుంటూ కథ ఎత్తుకొనేవాడు. తడి ఉన్ని వాసన, పొగ వాసన, కంకి వాసన కలిసిన ఆ గదిలోనే నేను రాజుల కథలూ రాకాసుల కథలూ విన్నాను. ముసురు లేకపోతే ఆ మనిషికి పగటిపూట కూర్చునే తీరిక లేదు, నాకు ఆ కథలూ లేవు. కథకు వాన నేపథ్యం అని మనం తేలికగా అంటాం గాని, మా ఇంట్లో కథ పుట్టడానికి వానే కారణం.

మన పల్లె కథల్లో మంచి రాజు ఏలుబడిని చెప్పవలసి వస్తే "నెలకు మూడు వానలు కురిసేవి" అంటారు. ఎంత కురిసేది అన్న లెక్క ఆ మాటలో లేదు, ఎన్నాళ్లకొకసారి కురిసేది అన్నదే ఉంది. పది రోజులకొక వాన పడితే చెలకలో పదును ఆరిపోదు, మొక్క వాడదు, చెరువులోకి నీరు మెల్లగా దిగుతుంది, కట్టకు భయం ఉండదు. మొత్తం వాన ఏమాత్రం తగ్గకుండానే ఒకే వానకాలంలో కరువూ వరదా రెండూ రావచ్చు అన్న ఎరుక ఆ నానుడి వెనుక ఉన్నదని నేను నమ్ముతాను. మన వైపు వానలు బాగా పడిన ఏడాదిని "కాలమైంది" అనీ, పడని ఏడాదిని "కాలం కాలేదు" అనీ అంటారు కదా. కాలమన్నా వానన్నా మన పెద్దలకు ఒకటే మాట. మీ కథలో వానను కాలంతో ముడిపెట్టండి, అప్పుడు దానికి బలం వస్తుంది.

ఇందుకు మనకు దగ్గరలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. పాలకుర్తి దగ్గరి బమ్మెరలో పుట్టిన పోతన తెనిగించిన భాగవతంలో, దశమ స్కంధంలో, రెండు వానలు కనబడతాయి. ఒకటి వర్షర్తు వర్ణన: మబ్బు, మెరుపు, నిండిన వాగులు, పచ్చబడిన నేల, ఆ తరువాత వరుసగా వచ్చే శరత్తు. రెండోది గోవర్ధన ఘట్టంలో ఇంద్రుడు కోపంతో కురిపించిన రాళ్లవాన. మొదటి వానలో కథ నిలిచి సేద తీరుతుంది, రెండో వానలో ఊరు ఊరంతా పసులతో సహా కొండ కిందికి పరుగెత్తుతుంది. ఒకటి రుతువు, మరొకటి సంఘటన. మీరు కథ రాయడానికి కూర్చున్నప్పుడు ఈ రెండింటిలో ఏ వానను రాస్తున్నారో ముందుగా తేల్చుకోండి. ఈ రోజుల్లో మొదటి రకం వానను రాయబోయి రెండో రకం వానలో పడిపోవడం రచయితలకే కాదు, రైతులకూ జరుగుతున్నది.

ప్రశ్న: నేను ములుగు జిల్లాలో ఉపాధ్యాయుడిని. 2023 జులైలో మా వైపు వచ్చిన వరదను కళ్లారా చూశాను. దాన్ని కథగా రాయాలని రెండేళ్లుగా ప్రయత్నిస్తున్నాను. అది వాతావరణ మార్పు వల్లే వచ్చిందని రాయవచ్చా? రాస్తే కథ ఉపన్యాసంగా మారుతుందేమోనన్న భయమూ ఉంది.
– ఒక పాఠకుడు, ములుగు జిల్లా

జవాబు: మీరు చూసినది మామూలు వరద కాదు గనుక, ముందుగా లెక్క చెప్పుకుందాం. ఆ జులై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అంతకుముందు తెలంగాణలో రికార్డు 2013 జులైలో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లు. ఒక రోజులో 204.4 మిల్లీమీటర్లు దాటితే వాతావరణ శాఖ దాన్ని అత్యంత భారీ వర్షం అంటుంది. ఇది దానికి మూడింతలకంటే ఎక్కువ. మన రాష్ట్రంలో ఏడాది పొడవునా పడే వాన సగటున 900 మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క పగలూ ఒక్క రాత్రిలో కుమ్మరించినట్లయింది. రామప్ప చెరువున్న పాలంపేట కూడా ఆ మండలంలోనిదే. ఎనిమిది వందల ఏళ్ల కింద కాకతీయుల కాలంలో కట్టిన ఆ గొలుసుకట్టు చెరువులు ఒకటి నిండి మత్తడి (అలుగు) దుంకితే కిందిది నిండేటట్లు ఏర్పడినవి. ఆ ఏర్పాటు వెనుక ఉన్నది నెలకు మూడు వానల లెక్క, ఇలాంటి ఒక్కరోజు వాన లెక్క కాదు.

ఇక కారణం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. సముద్రాలు వేడెక్కుతున్నకొద్దీ ఆ ఆవిరికి లోటు లేదు. అల్పపీడనం ఏర్పడినప్పుడు ఆ మోసుకొచ్చిన నీరంతా తక్కువ వ్యవధిలో తక్కువ చోట దిగిపోయే అవకాశం పెరుగుతుంది. 1951 నుంచి 2000 దాకా మధ్య భారతంలోని వాన లెక్కలను పరిశీలించి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో భారీ వానల సంఖ్య పెరిగిందనీ, మధ్యరకం వానలు తగ్గాయనీ తేలింది. ఆ పరిధిలో మన వరంగల్ కూడా ఉంది. 2017లో వెలువడిన మరొక అధ్యయనం ప్రకారం, మనకు ఎగువన ఉన్న మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు 1950 నుంచి 2015 నాటికి సుమారు మూడు రెట్లయ్యాయి. కాబట్టి "ఆ ఒక్క వాన కేవలం దీనివల్లే వచ్చింది" అని రాయకండి, "ఇలాంటి వానలకు అవకాశం పెరిగిన కాలంలో మనం బతుకుతున్నాం" అన్న ఎరుకతో రాయండి. ఆ తేడాను నిలుపుకోవడం శాస్త్రానికి ఎంత అవసరమో కథకూ అంతే అవసరం.

ఉపన్యాసం కాకుండా ఎలా రాయాలన్న మీ సందేహానికి జవాబు మీ వాకిట్లోనే ఉంది. మన ప్రాంతంలో అందరికీ తెలిసిన పెద్ద కథ మేడారం సమ్మక్క సారలమ్మల కథ. అది వాన పడకపోవడంతోనే మొదలవుతుంది. కరువు వచ్చి కప్పం కట్టలేకపోయిన పగిడిద్ద రాజు మీదికి కాకతీయుల సేన వచ్చిందనీ, పోరులో ఓడిన ఆయన కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకాడనీ, నాటి నుంచి అది జంపన్నవాగు అయిందనీ కోయల నోట మనం విన్నాం. 2023 జులైలో కొండాయి ఊరి మీదికి పొంగి మనుషుల ప్రాణాలు తీసుకున్నదీ ఆ జంపన్నవాగే. భూపాలపల్లి వైపు మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే, జనం పైకప్పులెక్కి తెల్లారేదాకా కూర్చున్నారు. చినుకు లేక మొదలైన కథలోని వాగే, ఆపలేనంత వానతో ఊరి మీదికి వచ్చింది. ఈ రెండింటినీ ఒకే ముసలమ్మ నోట పెట్టి చూడండి. ఆమె వాతావరణ మార్పు అనదు. "వాగు గిట్ల ఎన్నడు రాలే బిడ్డా" అంటుంది. ఆ మాటలో ఆమె డెబ్బై ఏళ్ల చూపు ఉంది.

మీరు బడి పంతులు కనుక ఇంకొక మాట. వరద తగ్గాక బడి తలుపు తీసినప్పుడు గోడ మీద బురద గీత ఎంత ఎత్తున ఉంది, హాజరు పట్టీలోని సిరా ఏ పేర్ల దగ్గర కలిసిపోయింది, మధ్యాహ్న భోజనం బియ్యం ఎన్నో రోజుకు వాసన పట్టాయి, తిరిగి వచ్చిన పిల్లలు మబ్బు పట్టగానే ఎటు చూస్తున్నారు? ఇవి మీరు మాత్రమే చెప్పగలరు. వాన ఎంత పెద్దదో ఆ గీత ఎత్తు చెబుతుంది, మిల్లీమీటర్లను నాలాంటివారికి వదిలేయండి.

ప్రశ్న: మబ్బు పట్టగానే విరహం, చినుకు పడగానే ప్రేమ. ఇవన్నీ పాతబడ్డాయి కదా, ఇంక మానేయాలా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మానేయనక్కరలేదు. మీ జిల్లాలోని కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు దొరికాయి. ఆ వంశపు హాలుడి పేరుతో ఉన్న ప్రాకృత గాథల్లోనే వానకాలపు విరహిణులు చాలామంది ఉన్నారు. ఆ విరహానికి గట్టి కారణం ఉంది. వానలు మొదలైతే బాటలు బురదవుతాయి, వాగులు దాటరావు, దూరదేశం పోయినవాడు మబ్బు పట్టకముందే ఇల్లు చేరాలి, చేరకపోతే నాలుగు నెలలు ఆగాలి. మబ్బును చూసి గుండె జారడం ఊరికే వచ్చిన కవిసమయం కాదన్నమాట. ఇప్పటి జంటకూ అలాంటి కారణం వెతకండి. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర పట్టాల కింది కంకర కొట్టుకుపోయి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆగిన ఆ రైళ్లలో ఒకరి కోసం ఒకరు ఎదురుచూసినవారు ఎందరున్నారో.

ప్రశ్న: కార్తెల పేర్లు రాస్తే నేటి పాఠకులకు అర్థం కావడం లేదని ఒక సంపాదకుడు అన్నారు. తేదీలు వేయమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక రచయిత, హుజూరాబాద్

జవాబు: కార్తె పేరు వేయండి, దాని పనినీ పక్కనే చూపండి, అర్థం అదే తెలుస్తుంది. కార్తెలు సూర్యుడి నడకను బట్టి ఏర్పడినవి కనుక వాటి తేదీలు ఏటా దాదాపు ఒకటే. మిరుగం (మృగశిర) జూన్ 7 లేదా 8న ప్రవేశిస్తుంది, ఆరుద్ర జూన్ 21, 22 ప్రాంతంలో, మఖ ఆగస్టు నడుమ. మిరుగం నాడు మన ఇళ్లలో చేపల కూర వండుకుంటారు, ఆ వెనుకే తడిసిన నేల మీద ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు కనబడతాయి. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అన్నారు; మఖ, పుబ్బలు వరపు (వాన లేకుండా) పోతే మీ అన్న సేద్యమూ నా సేద్యమూ మన్నేనని మరొక సామెత. ఇవన్నీ రైతు ఏ వానకు ఏ పని చేయాలో చెప్పుకున్న మాటలు.

మీ సంపాదకుడితో ఒక సంగతి చెప్పండి. కార్తె తన తేదీకి తాను వస్తున్నది, దానితో రావలసిన వాన రావడం లేదు. మిరుగంలో విత్తిన పత్తి గింజ ఆరుద్ర దాకా చినుకు లేక నేలలోనే ఎండి, రైతు రెండోసారి గింజలు కొనడానికి అప్పు కోసం తిరగడం మన పల్లెల్లో కొత్త కాదు. "జూన్ 22" అని రాస్తే ఆ బాధ పాఠకుడికి అందదు. "ఆరుద్ర వచ్చింది, పురుగు కనబడలేదు" అని రాసి చూడండి.

ప్రశ్న: తొలకరికి వచ్చే మట్టి వాసన గురించి అందరూ రాస్తారు. పెద్ద వానలో ఆ వాసన నాకెప్పుడూ రాలేదు. నా ముక్కులోనే లోపమా?
– ఒక విద్యార్థిని, పరకాల

జవాబు: లోపమేమీ లేదు తల్లీ, నువ్వు బాగా గమనించావు. నేలలోని కొన్ని రకాల సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. మనిషి ముక్కు దాన్ని అత్యల్ప మోతాదులో కూడా పసిగడుతుంది. పొడి నేల మీద చినుకు పడినప్పుడు నేల రంధ్రాల్లోని గాలి చినుకు కింద చిక్కి, సన్నని బుడగలుగా పైకి వచ్చి పగులుతుంది, వాటితోపాటు ఆ వాసన గాలిలో కలుస్తుంది. సన్నని, ఓ మోస్తరు వానకే ఇది బాగా జరుగుతుందని 2015లో ప్రయోగాల్లో చూపించారు. చినుకు మరీ బలంగా పడితే బుడగ ఏర్పడే వ్యవధి ఉండదు. కుంభవృష్టిని వర్ణిస్తూ మట్టి పరిమళాన్ని కలిపే కథలు నా బల్ల మీదికి చాలా వస్తుంటాయి. అలా రాసేవారికి నీ ప్రశ్ననే చూపిస్తాను.

ప్రశ్న: "మా కాలంలో వానలు ఇట్లా లేవు" అని మా నాయనమ్మ రోజూ అంటుంది. ఆమె జ్ఞాపకాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చా? ఆమె చెప్పే కప్పతల్లి, విరాటపర్వం ముచ్చట్లను కథలో పెడితే మూఢనమ్మకం అంటారేమో.
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: శీతోష్ణస్థితిని చెప్పడానికి శాస్త్రజ్ఞులు సాధారణంగా 30 ఏళ్ల లెక్కను తీసుకుంటారు. మీ నాయనమ్మ దగ్గర అలాంటివి రెండు మూడున్నాయి. అయితే జ్ఞాపకం పెద్ద వరదనూ పెద్ద కరువునూ పట్టుకుని, మామూలు ఏళ్లను జారవిడుస్తుంది. అందుకని ఆమెను "వానలు ఎక్కువా తక్కువా?" అని అడగకండి. ఏ పండుగకు చెరువు నిండేది, బతుకమ్మలు వేసేనాటికి మత్తడి పోస్తుండేదా, నాట్లు ఏ కార్తెలో ముగిసేవి, ముసురు ఎన్ని రోజులు ఉండేది అని అడగండి. పనితో ముడిపడిన జ్ఞాపకం అంత తేలికగా తప్పదు. అలా అడిగి రాసుకున్నది కథకూ పనికివస్తుంది, మీ మండల వానమాపకం లెక్కల పక్కన పెట్టి చూసుకోవడానికీ పనికివస్తుంది.

రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకోవడం, బండ మీద వరదపాశం (వాన కోసం వండే పాయసం) పోసి చేతులు పెట్టకుండా నాకడం, ఇవి నమ్మకాలే. కథలో వాటిని దాచవలసిన పని లేదు. వాన కోసం విరాటపర్వం చదివించడంలో ఇంకొక అందం ఉంది. ధర్మరాజు ఉన్న దేశంలో మబ్బులు వేళకు వర్షిస్తాయి, దాన్ని బట్టి పాండవులను వెతకండని భీష్ముడు ఆ పర్వంలో చెబుతాడు. వాన వేళకు రావడం ఆ దేశపు నడతకు గుర్తు అని దాని భావం. వేళ అన్న ఆ మాటను గమనించండి. ఊరందరూ గుడి దగ్గర కూర్చొని మబ్బు కోసం కథ వినడం కంటే కథకూ వానకూ గల సంబంధాన్ని చూపే దృశ్యం ఇంకేముంటుంది?

చివరగా, మీ నాయనమ్మకు తెలిసిన స్వాతి వాన. స్వాతి చినుకు ముత్యపుచిప్పలో పడితే ముత్యమవుతుందని మన కవులు వందల ఏళ్లుగా చెబుతూ వచ్చారు. 2025లో స్వాతి కార్తె ప్రవేశించిన అయిదారు రోజులకే, అక్టోబరు 29న, మొంథా తుపాను వాన మన వరంగల్, హనుమకొండ జిల్లాల మీద పడింది. కాలనీలు మునిగాయి, కోతకు వచ్చిన వరి నేలకు ఒరిగింది, కల్లాల్లోని వడ్లు నీళ్లలో కొట్టుకుపోయాయి. ఆ తరువాతి వారం ఒక ఊరి బయట తారురోడ్డు మీద ఒక పెద్దావిడ తడిసిన వడ్లు ఆరబోస్తూ కనబడింది. పట్టా మీద పరిచిన వడ్లలో కాళ్లు ఈడుస్తూ చాళ్లు తీస్తున్నది. నన్ను చూసి గుప్పెడు తీసి చూపింది. గింజ గింజకూ కొన మీద తెల్లని మొలక. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, పొద్దున చూస్తే 24 ఉన్నదని చెప్పి, మళ్లీ చాళ్లు తీయడంలో పడింది. మబ్బు కమ్మినప్పుడల్లా తలెత్తి చూసి, పట్టా కొసను పట్టుకుంటున్నది. మీ నాయనమ్మను ఆ రోడ్డు మీద నిలబెట్టి కథ మొదలుపెట్టండి, రాశాక నాకు పంపండి.